పంతుళ్ళకే ట్రైనింగా? మనకూ ఉంది!

సర్కారు బడిలో పనిచేసే భర్తో, ఆడబిడ్డో, తోటికోడలో ఇంట్లో ఉంటే మీకు ఈ మాట కొత్త కాదు. ‘రేపటి నుంచి అయిదు రోజులు ట్రైనింగు!’ ఇంక చూస్కోండి. పొద్దున్నే టిఫిను సిద్ధం కావాలి, మధ్యాహ్నం డబ్బా కట్టాలి, సాయంత్రం ఎప్పుడొస్తారో తెలీదు. ‘అక్కడేం చెప్పారండీ?’ అనడిగితే ‘ఏముంది, మామూలే’ అనే జవాబు. బడి సెలవుల్లో ఇంటి పట్టున ఉంటారనుకుంటే అప్పుడూ ట్రైనింగే!

ఆ మామూలు ఏమిటో ఈ వారం కాస్త తెలుసుకుందాం. అసలు సంగతి మాత్రం అది కాదు. ‘ఇంటర్ పాసై పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇప్పుడు నేను బడిలో ఏదైనా చెయ్యగలనా?’ అని కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చెల్లెళ్ళు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు ఆ ట్రైనింగుల దగ్గరే దొరుకుతుంది.

ముందు పెద్దింటి సంగతి. హైదరాబాదులో ఎస్.సి.ఇ.ఆర్.టి. అని ఒక సంస్థ ఉంది. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ అన్నమాట. 1967లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, 2014 తర్వాత తెలంగాణకు విడిగా ఏర్పడింది. మన పిల్లల పాఠ్యపుస్తకాలు తయారయ్యేది అక్కడే. పంతుళ్ళకు ఏం నేర్పాలో నిర్ణయించేదీ అక్కడే. 1986 జాతీయ విద్యా విధానం వచ్చాక పాత జిల్లాకొకటి చొప్పున డైట్ కాలేజీలు పెట్టారు. కరీంనగర్‌లో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి అలా వచ్చినవే. కింద మండల వనరుల కేంద్రం, ఇంకా కింద స్కూలు కాంప్లెక్సు. పైవాళ్ళు కొద్దిమందికి నేర్పితే వాళ్ళు జిల్లాలో నేర్పుతారు, జిల్లావాళ్ళు మండలంలో నేర్పుతారు. మా అత్తగారు చెప్పిన ఆవకాయ కొలతలు తోటికోడలికి, ఆవిడ నుంచి చెల్లెలికి, చెల్లెలి నుంచి పక్కింటావిడకి వెళ్ళేసరికి ఉప్పు తగ్గి ఆవపిండి పెరిగినట్టు, ఈ ట్రైనింగు కూడా నాలుగో నోటికి వచ్చేసరికి ఎంత మిగులుతుందనేది ఆ చెప్పేవాళ్ళ మీద ఆధారపడుతుంది. ‘ఏముంది, మామూలే’ అనే మాట అక్కడ పుట్టిందే.

అలాగని అన్నీ దండగ అనలేం. మీలో ఇప్పుడు నలభై దాటుతున్న వాళ్ళు ఒకసారి మీ ప్రాథమిక పాఠశాల గుర్తు తెచ్చుకోండి. ‘అమ్మా, చింతగింజలు కావాలి’, ‘పుల్లలు కావాలి, పది పది కట్టలు కట్టుకు రమ్మన్నారు’ అని ఇంట్లో పేచీ పెట్టారా లేదా? మీరు గీసిన బొమ్మ గోడకు దారం కట్టి వేలాడదీశారా? అదంతా ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మహిమ. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతా నడిచింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా కూచుని నేర్చుకోవాలి, చుట్టుపక్కల దొరికే వస్తువులతో నేర్చుకోవాలి, వాళ్ళు చేసినవి తరగతి గోడల మీద కనపడాలి... పంతుళ్ళకు ఇదే నూరిపోశారు. ఆ తర్వాత డి.పి.ఇ.పి. వచ్చింది. 1996లో మొదటి విడతగా ఉమ్మడి రాష్ట్రంలో అయిదే జిల్లాలను తీసుకుంటే అందులో కరీంనగర్ ఒకటి. ఆదిలాబాద్ తర్వాతి విడతలో చేరింది. 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ గురించి మీ పిల్లల నోట వినే ఉంటారు. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు గట్టిగా వచ్చేలా చూడాలన్నది దాని ఉద్దేశం. మీవాళ్ళు ఆ ట్రైనింగుకే పోయి ఉంటారు.

ఇక మన ప్రాంతానికే చెందిన ఒక ముచ్చట చెప్పాలి. డైట్ కాలేజీలు రాక ముందు, అసలు ఆంధ్రప్రదేశ్ అనే రాష్ట్రమే లేనప్పుడు, ఆదిలాబాద్ అడవుల్లో పంతుళ్ళ ట్రైనింగు సెంటరు నడిచింది. ఊరి పేరు మార్లవాయి. జైనూరు మండలం, ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణాలు వదిలాక నిజాం ప్రభుత్వానికి ఒక భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని ఆస్ట్రియా దేశపు హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో సహా వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. భూమి హక్కు ఎంత అవసరమో చదువూ అంతే అవసరమని ఆయనకు అర్థమైంది. మరి చెప్పేదెవరు? బయటి పంతులు అడవిలో నిలవడు, నిలిచినా గోండి రాదు. అందుకని కాస్తో కూస్తో అక్షరం ముక్క వచ్చిన గోండు యువకులనే పోగుచేసి, వాళ్ళనే పంతుళ్ళుగా తయారు చేయడానికి 1943లో అక్కడ శిక్షణ కేంద్రం తెరిచారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చువేయించారు. అక్కడ నేర్చుకున్న వాళ్ళు తమ గూడేల్లోనే బడులు పెట్టారు. బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే తీసుకొచ్చి మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఏటా ఆ దంపతులను తలుచుకుంటారు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, పిల్లవాడి ఇంటి భాష వచ్చిన మనిషి బడిలో ఉండటం ఎంత విలువైన సంగతో అప్పుడే తేలిపోయింది. అరవై ఏళ్ళ తర్వాత 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మళ్ళీ అదే దారికొచ్చింది. గోండి, కొలామి, కోయ, లంబాడీలతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే వాచకాలు వేసి చిన్న తరగతులు మొదలుపెట్టారు. గోండి, కొలామి పుస్తకాలు వచ్చింది మన ఆదిలాబాద్ పిల్లల కోసమే. ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు ఉన్న అక్కలూ, మీ ఇంట్లో మాట్లాడే భాష మీకు మామూలుగా అనిపించవచ్చు. మొదటి రోజు బడికొచ్చి తెలుగు ముక్క అర్థం కాక బిక్కమొహం వేసే పిల్లవాడికి మాత్రం అది అమ్మ పలకరింపే. రెండేళ్ళు చదివినా ఏ కాలేజీలోనూ నేర్పని అర్హత అది.

సరే, ఇప్పుడు మన గరిటె దగ్గరికి వద్దాం. బడి సిబ్బంది అంటే పంతుళ్ళొక్కరే కాదు. మధ్యాహ్నం అన్నం వండే అక్క కూడా బడి మనిషే. 2001లో సుప్రీంకోర్టు వండిన అన్నం పెట్టాల్సిందేనని చెప్పాక, 2003 జనవరి నుంచి మన దగ్గర ఈ భోజనం మొదలైంది. మహిళా సంఘాల సభ్యులే చాలా చోట్ల వంట ఏజెన్సీలు. పిల్లలు 25 మంది దాకా ఉంటే ఒక వంటావిడ, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకు ఇంకొకరు, ఇదీ లెక్క. కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలు నిర్ణయించింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం తన వాటా కలిపి 3,000 చేసింది. పొయ్యి దగ్గర పడే కష్టానికి ఇది చాలదని నా అభిప్రాయం. బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్లో అప్పు ఆ అక్కల పేరు మీదే ఉంటుంది గుడ్లకైనా, నూనెకైనా.

వంద మందికి వండాలంటే ఎంతెంత వెయ్యాలి? ప్రాథమిక తరగతుల పిల్లకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. అంటే నూరు మందికి 10 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, 5 కిలోల కూరలు, అరకిలో నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు దీనికి ఒకటిన్నర రెట్లు. ‘ఇంట్లో నలుగురికే నూనె సరిపోదు, వంద మందికి అరకిలోనా?’ అని మీరు ఆశ్చర్యపోతారు. అందుకే పోపు వెయ్యడంలో నేర్పు కావాలి. ముందు నూనెలో తాలింపు గింజలు, ఉల్లి వేయించి, పప్పు కలిపాక పైన నూనె పోయకుండా మూత పెట్టి మగ్గనిస్తే రుచి తగ్గదు.

వంటావిడలకు కూడా శిక్షణ ఉంటుంది. చేతులు ఎలా కడగాలి, సామాను ఎక్కడ పెట్టాలి, గ్యాస్ దగ్గర ఏం చూసుకోవాలి అనేవి చెబుతారు. ‘మాకు వంట నేర్పుతారా?’ అని నవ్వుకునే వాళ్ళు ఒక్క విషయం గుర్తుంచుకోండి. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పసిపిల్లలు చనిపోయారు. వంట చేతగాక కాదు. నూనెలో పురుగుమందు కలిసింది. అది మోనోక్రోటోఫాస్. పత్తి పండించే ఇళ్ళల్లో ఆ మందు పేరు తెలియని వాళ్ళెవరు? మందు డబ్బా ఎంత కడిగినా, ఎంత గట్టి ప్లాస్టిక్‌దైనా, దాన్లో నూనె గానీ, కిరోసిన్ గానీ, నీళ్ళు గానీ పొయ్యకూడదు. ఇది బడికే కాదు, మీ ఇంటికీ వర్తిస్తుంది. పిల్లలకు వడ్డించే ముందు ఒక పంతులుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూసి తీరాలనే నిబంధనను ఎవరూ మొక్కుబడి అనుకోకూడదు. బడికి పోయినప్పుడు ‘ఇవాళ ఎవరు తిని చూశారు?’ అని తల్లిగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు ఇంటర్ పాసైన చెల్లెళ్ళ సంగతి. ప్రాథమిక పాఠశాల టీచరు కావాలంటే కావలసింది డి.ఇ.ఎల్.ఇడి. పాతకాలం టీచర్ ట్రైనింగే, రెండేళ్ళు. దానికి డీసెట్ పరీక్ష రాయాలి. ఇంటర్లో 50 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 45 చాలు. 17 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అవును, హద్దు లేదు! కూతురు ఇంటర్ చదువుతుంటే తల్లి డైట్‌లో చేరినా ఎవరూ కాదనరు. కాకపోతే రోజూ కాలేజీకి పోవాలి, మధ్యలో బడికి పోయి పాఠాలు చెప్పి చూపాలి. ఆ రెండేళ్ళు మీ అత్తగారితోనో, అమ్మతోనో ముందే మాట్లాడుకోండి. సగంలో మానేస్తే డబ్బు కన్నా మనసుకే నష్టం.

‘డిగ్రీ చేసి బి.ఇడి. చెయ్యరాదా?’ అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. హైస్కూలు టీచరు కావాలంటే అది మంచి దారే. ఒకటి నుంచి అయిదు తరగతులకు మాత్రం బి.ఇడి. పనికిరాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పే విద్య వేరు అని కోర్టువారి మాట. ఒక్క పూట పసిపిల్లలతో గడిపిన ఏ తల్లయినా ఒప్పుకుంటుంది.

ఒక హెచ్చరిక. ‘ఇంట్లోనే ఉండి టీచర్ ట్రైనింగు సర్టిఫికెట్, పరీక్ష మేమే చూసుకుంటాం’ అనే ప్రకటనలకు మెడలో గొలుసు తాకట్టు పెట్టకండి. ఆ కాలేజీకి ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. డైట్ ఆఫీసులోనో, జిల్లా విద్యాధికారి ఆఫీసులోనో అడిగి రూఢి చేసుకున్నాకే ఫీజు. కొన్నేళ్ళ క్రితం ప్రైవేటు బళ్ళలో ట్రైనింగు లేకుండా చెబుతున్న వాళ్ళ కోసం కేంద్రమే 18 నెలల దూరవిద్య కోర్సు నడిపించింది, 2019 మార్చితో గడువు ముగిసింది. మీ పక్కింటావిడ అది చేసి ఉంటే, అప్పటి ఏర్పాటు అప్పటి వాళ్ళకే. దాన్ని చూపించి ఇప్పుడు ఎవరైనా ‘అలాంటిదే’ అంటే నమ్మొద్దు.

ట్రైనింగు అయ్యాక టెట్. ప్రాథమిక తరగతులకు మొదటి పేపరు, 150 ప్రశ్నలు, 150 మార్కులు. శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఒక్కోటి 30. జవాబు తప్పయితే మార్కులు కొయ్యరు, కాబట్టి ఏదీ వదిలెయ్యొద్దు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 60 వస్తే పాస్. ఒకసారి పాసయితే జన్మంతా చెల్లుతుంది. ఆ మార్కులకు డీఎస్సీలో 20 శాతం బలం కూడా ఉంది. శిశు వికాసం పుస్తకం తెరిచి భయపడకండి. పాకడం ముందా, మాట ముందా, పిల్లలు అబద్ధం ఎప్పుడాడతారు, తమ్ముడు పుడితే అక్క ఎందుకు అలుగుతుంది... మీకు తెలిసిన సంగతులకే పెద్ద పెద్ద పేర్లు పెట్టి రాశారు. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి మౌసు పట్టడం మాత్రం మీ అబ్బాయి దగ్గర ముందే నేర్చుకోండి.

ఈ టెట్ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న అక్కలకు నిద్ర లేకుండా చేస్తోంది. మన దగ్గర మొదటి టెట్ జరిగింది 2011లో. అంతకు ముందే డీఎస్సీ రాసి చేరిన వాళ్ళు ఇరవై, పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. రిటైర్‌మెంటుకు అయిదేళ్ళకు పైన ఉన్నవాళ్ళంతా రెండేళ్ళలో టెట్ పాస్ కావాలని, లేకుంటే ఉద్యోగం వదులుకోవాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పు చెప్పింది. అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళు అలాగే కొనసాగవచ్చు, ప్రమోషను కావాలంటే మాత్రం పాస్ కావాల్సిందే. పిల్లలకు చెప్పేవాళ్ళకు పరీక్ష వద్దని నేను అనను. కానీ ఏటా ట్రైనింగులిచ్చి సంతకం పెట్టించుకుని పంపేసి, నేర్చుకున్నారో లేదో ఏనాడూ చూడకుండా, నలభై ఎనిమిదో ఏట ఒక్కసారిగా ఉద్యోగానికే ముడిపెట్టడం ఏం న్యాయం? న్యాయం సంగతి అలా ఉంచి, మీ ఇంట్లో అలాంటి కోడలో, ఆడబిడ్డో ఉంటే రాత్రి వంట మీరందుకోండి. ఆమెకు రోజూ రెండు గంటలు చదువుకునే తీరిక దొరికితే చాలు. మగవాళ్ళు టెట్ రాస్తే ఇల్లంతా సద్దు చెయ్యకుండా మెలుగుతుంది. ఆడవాళ్ళు రాస్తే ‘చారులో ఉప్పు ఎక్కువైంది’ అంటారు. అది కుదరదు.

పరీక్షలు మా వల్ల కాదనే వాళ్ళకు కూడా బడి గుమ్మం మూసుకోలేదు. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే చైర్మన్, తల్లులు సభ్యులు. బడి మరమ్మతులు, నీళ్ళు, మరుగుదొడ్లు వీళ్ళ చేతి మీద. యూనిఫారాలు కుట్టే పని కూడా సంఘాలకే ఇచ్చారు. బట్ట మన సిరిసిల్ల మరమగ్గాలదయితే, కుట్టు మన అక్కలది. 2025-26 నుంచి కొన్ని సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు తెరిచి, ఇన్‌స్ట్రక్టర్లను, ఆయాలను తీసుకున్నారు. ఇలాంటివి పెద్ద పత్రికల్లో ప్రకటించరు. ఊరి బడి నోటీసు బోర్డు మీద, మండల విద్యాధికారి ఆఫీసులో చూడాలి. పిల్లల్ని దింపడానికి పోయినప్పుడు ఆ బోర్డు వైపు ఒక చూపు వెయ్యండి.

చివరగా కాగితాల సంగతి. చాలామంది చెల్లెళ్ళు ఇక్కడే దెబ్బతింటున్నారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జిల్లా ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత చూసేది ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి. అంటే పెళ్ళయి వచ్చిన ఊరు కాదు, పుట్టింట్లో చదివిన ఊరు! జగిత్యాలలో చదివి నిర్మల్ కోడలిగా వచ్చిన అమ్మాయి జగిత్యాలలో లోకల్, నిర్మల్‌లో నాన్‌లోకల్. పైగా 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. మీరు ‘కరీంనగర్ జిల్లా’ అనుకుని చదివిన ఊరు ఇవాళ పెద్దపల్లిలోనో, సిరిసిల్లలోనో ఉండవచ్చు, ‘ఆదిలాబాద్’ అనుకున్నది మంచిర్యాల కావచ్చు. ఏడేళ్ళూ ఒకే చోట చదవకపోతే ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివారో అదే మీ జిల్లా.

వయసు కూడా చూసుకోవాలి. డైట్‌కు హద్దు లేకపోయినా ఉద్యోగానికి ఉంది. 2024 డీఎస్సీలో 46 ఏళ్ళు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో అయిదేళ్ళు సడలింపు ఇచ్చారు. ఆ డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారు. కాబట్టి నలభై దగ్గర పడ్డవాళ్ళు రెండేళ్ళ కోర్సు, తర్వాత టెట్, తర్వాత నోటిఫికేషను ఎప్పుడొస్తుందో అన్నీ కలిపి వేళ్ళ మీద లెక్క వేసుకుని మరీ చేరండి.

ఈసారి పండక్కి పుట్టింటికి పోయినప్పుడు చీర పెట్టించుకోవడంతో పాటు మీ పాత బడికి పోయి ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్ సర్టిఫికెట్లు రాయించుకోండి. పెద్ద సారు మారిపోతారు, ప్రైవేటు బడి అయితే మూతపడనూవచ్చు. మూతపడితే దాని రికార్డు గురించి మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారినా దరఖాస్తులో మాత్రం పదో తరగతి మెమో మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఆధార్‌లో వేరేగా ఉంటే దాన్ని ఇప్పుడే సరిచేయించుకోండి. నోటిఫికేషను వచ్చాక మీసేవ ముందు లైను ఎంత పొడుగుంటుందో మీకు నేను చెప్పాలా?